అర అడుగు తక్కువైన బంతి

ముందు మంచం బయటికి వచ్చింది. దాని వెనక బల్ల, మసి పట్టిన కెటిల్, గోడ గడియారం. ఆఖరికి కుర్చీలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఎత్తి, ఇద్దరు మనుషులు విల్ఫ్ ఎంట్విసిల్‌ని కాలవ వీధి రాళ్ళ మీద, జూన్ నెల వానలో దించారు. అతని కుడికాలు రెండు చెక్కల మధ్య కట్టి ఉంది. ఆ కాలు ముందుకు చాపుకుని, టోపీ సర్దుకుని, వీధిలో చేరిన జనాన్ని చూసి నవ్వాడు.

"ఏంటలా నోళ్ళు తెరుచుకుని చూస్తారు? ఆట ఇంకా మొదలవలేదు," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. పొద్దుటి షిఫ్టు దిగి ఇళ్ళకి పోతున్న గని కార్మికులు మొహాలు కడుక్కోకుండానే అక్కడ ఆగిపోయారు. మొన్న ఏప్రిల్ దాకా వాళ్ళందరూ గొంతు చించుకుని పిలిచిన పేరు అది. మార్ల్‌టన్ టౌన్ క్లబ్బుకి పదిహేడు గోల్స్ కొట్టిన మనిషి ఇవాళ తడిసిన పరుపు పక్కన కూర్చున్నాడు.

"ఇది క్లబ్బు ఇల్లు," అన్నాడు సామాను మోయించిన గుమాస్తా, ఎవరినీ చూడకుండా. "ఆడేవాళ్ళకే ఇల్లు. సోమవారం కొత్తవాడు దిగుతున్నాడు."

విల్ఫ్ తల్లి ఆగ్నెస్ గడప దాటి దూసుకొచ్చింది. "ఆడి ఆడి విరిగిన కాలురా అది! తాగి పడితే విరిగిందా? గనిలో గుర్రానికి కాలు విరిగితే తుపాకీతో కాల్చి పుణ్యం కట్టుకుంటారు. నా కొడుక్కి ఆ పుణ్యం కూడా దక్కదా?"

"పెద్దమ్మా, నా మీద అరిస్తే ఏం లాభం? నేను జీతగాణ్ణి."

"అందుకే నీ మీద అరుస్తున్నా. మంచం మోసిన చేతులు నీవేగా!"

గని కూడా, క్లబ్బు కూడా, ఆ వీధిలో సగం ఇళ్ళూ జాషువా గార్‌సైడ్ అనే ఒకే ఒక్క పెద్దమనిషి చేతిలో ఉన్నాయి. ఆయన ఆ రోజు అక్కడికి రాలేదు. అలాంటివాళ్ళు అలాంటి చోట్లకి రారు.

జనంలోంచి సెత్ క్రాషా ముందుకొచ్చాడు. అదే జట్టులో కుడి వింగ్‌లో ఆడేవాడు, విల్ఫ్ చెల్లెలు హానాకి మొగుడు. గోడ గడియారం ఎత్తి చంకలో పెట్టుకున్నాడు. "పదండి అత్తా, మా ఇంటికి," అన్నాడు.

జనం ఒక్కసారి కదిలారు. ఒకడు మంచం ఎత్తాడు, ఇద్దరు కుర్చీని విల్ఫ్‌తో సహా ఎత్తారు. ఎవరో సెత్ వీపు తట్టారు. విల్ఫ్ చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణి బావా," అన్నాడు.

సెత్ చెయ్యి విడిపించుకున్నాడు. గడియారం జారిపోతోందని సాకు చెప్పాడు. ఆ కాలు ఎందుకు విరిగిందో అతనికి తెలుసు. తనకొక్కడికే తెలుసనుకుంటున్నాడు.

ఫుట్‌బాల్ ఆడనివాళ్ళకి ఇక్కడ కొంచెం చెప్పాలి. వింగ్‌లో ఆడేవాడి పని గీత వెంబడి పరిగెత్తడం. మైదానం అంచున సున్నపు గీత, దానికి రెండడుగుల అవతల తాడు, తాడు పట్టుకుని జనం. మిగతా ఆటగాళ్ళకి జనం అంటే ఒక హోరు. వింగ్ ఆటగాడికి మాత్రం ఒక్కొక్క గొంతూ విడివిడిగా వినిపిస్తుంది, ఎవడు దగ్గాడో కూడా తెలుస్తుంది. మొదటి సగంలో సెత్ పరిగెత్తేది చవక టికెట్ల వైపు. అక్కడ గనివాళ్ళు, నేత మిల్లు ఆడవాళ్ళు, తాడు పక్కనే బుట్ట పెట్టుకుని పుల్లటి వినిగర్ చల్లి ఉడికిన బఠాణీలు అమ్మే అత్తగారు ఆగ్నెస్. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి. అప్పుడతను పరిగెత్తేది కప్పు వేసిన గ్యాలరీ ముందు. అక్కడ క్లబ్బు డైరెక్టర్లు, వాళ్ళ భార్యలు, చుట్టల పొగ. శనివారం శనివారం రెండు లోకాల పక్కనా నలభై ఐదేసి నిమిషాలు పరిగెత్తి ఇంటికి పోయేవాడు సెత్.

పన్నెండో ఏట గనిలో దిగినవాణ్ణి పైకి లాగింది అతని కాళ్ళే. ఆరేళ్ళుగా వింగ్ అతనిదే. సిగరెట్ పెట్టెల్లో వచ్చే బొమ్మల మీద అతని మొహం అచ్చయింది. దేశం జట్టుకి ఒకసారి పరీక్షకి పిలిచి, చూసి, వద్దని పంపేశారు. ఇప్పుడు ఇరవై ఆరు. ముప్ఫై దాటితే వింగ్ ఆటగాడి కాళ్ళు మాట వినవు, ఆ తర్వాత మళ్ళీ గనే గతి. ఒకటే ఆశ. ఐదేళ్ళు దాటిన ఆటగాడికి క్లబ్బు దయ తలిస్తే ఒక సహాయ మ్యాచ్ పెడుతుంది. ఆ రోజు గేటు దగ్గర వచ్చిందంతా అతనికే. దానితో వీధి మూల పొగాకు కొట్టు పెట్టుకుని, ఎండలో కూర్చుని, మళ్ళీ చీకట్లోకి దిగకుండా చచ్చిపోవచ్చు.

"నీ మ్యాచ్ సంగతి నేను చూస్తాను. కాళ్ళు జాగ్రత్త," అని గార్‌సైడ్ అన్న వారానికే గుడ్ ఫ్రైడే మ్యాచ్ వచ్చింది.

అవతలి జట్టులో గోలు వైపు ఎవరినీ రానివ్వకుండా కాచే బ్యాక్ ఒకడున్నాడు, దున్నలాంటివాడు. బంతితో పాటు కాలూ తీసుకుపోతాడని పేరు. మొదటి సగంలో బంతి సెత్ దగ్గర ఉండగా వాడు దూసుకొచ్చాడు. వాణ్ణి తప్పించుకుని పోవడమే వింగ్ ఆటగాడి పని. సెత్ ఆరేళ్ళు చేసిన పనే అది. ఆ రోజు మాత్రం అతని కళ్ళ ముందు పొగాకు కొట్టు మెదిలింది. బంతిని లోపలివైపున్న విల్ఫ్‌కి తోసేశాడు. అదీ కాలికి అందేలా తోయలేదు. అర అడుగు తక్కువ. బంతి మధ్యలో ఆగితే బ్యాక్ తనను వదిలి అటు తిరుగుతాడని అతనికి తెలుసు. విల్ఫ్ బంతిని వదిలే రకం కాడనీ తెలుసు. విల్ఫ్ కాలు చాచాడు. బ్యాక్ దిగాడు. ఎండు కట్టె విరిగిన చప్పుడు తాడు దాకా వినిపించింది.

"నా పాస్ కొంచెం అటూ ఇటూ అయింది బావా," అన్నాడు సెత్, విల్ఫ్‌ని చెక్క మీద మోసుకుపోతుంటే.

"ఆటలో అవుతుంటాయి లేరా," అన్నాడు విల్ఫ్ పళ్ళు బిగించి.

అదే విల్ఫ్ ఇప్పుడు సెత్ ఇంటి ముందు గదిలో మంచం వేసుకున్నాడు. ఎముక వంకరగా అతికింది. రోజూ పొద్దున్నే "ఏం బావా, నిద్రపట్టిందా?" అని అడిగేవాడు. సెత్‌కి పట్టేది కాదు. ఆగ్నెస్ అల్లుడి పళ్ళెంలో మాంసం ముక్కలు ఏరి ఏరి వేసేది. వేస్తూ అతని మొహంలోకి చూసేది. ఆ చూపుని అతను ప్రేమ అనుకున్నాడు.

జులైలో గని కార్మికుల హాల్లో మీటింగ్ పెట్టారు. పిలిచింది జట్టు కెప్టెన్ ఈనోస్ పిల్లింగ్. అతనూ ఒకప్పుడు బొగ్గు కొట్టినవాడే, ఇప్పుడు ఆటగాళ్ళ యూనియన్‌కి ఊళ్ళో పెద్ద. బల్ల మీద ఒక కాగితం పెట్టి దాని మీద పిడికిలి ఆనించాడు.

"లండన్‌లో ఆటని ఏలే పెద్దలు పంపారు దీన్ని. ఆగస్టు ఒకటో తారీకులోగా ప్రతి ఆటగాడూ సంతకం చెయ్యాలంట. 'నేను యూనియన్‌లో లేను, చేరను' అని. చెయ్యకపోతే ఈ దేశంలో ఎక్కడా బంతి తన్ననివ్వరు. ఎందుకో తెలుసా? విల్ఫ్ కాలికి నష్టపరిహారం ఇమ్మని మన యూనియన్ కోర్టుకెక్కింది. అందుకు!"

వెనక బెంచీలోంచి ఒక గనివాడు లేచాడు. "ఈనోస్, ఏమనుకోకు. వారానికి నాలుగు పౌన్లు తీసుకునేవాళ్ళు మీరు. గడ్డి మీద ఆడుకునేవాళ్ళు. మీరు కూలోళ్ళెలా అయ్యారు?"

హాలంతా గొణుగుడు. కొందరు నిజమే అన్నారు.

"గార్‌సైడ్ లాయరు కోర్టులో అన్నదీ అదే మాట!" అరిచాడు ఈనోస్. "'ఆడుకునేవాడు కార్మికుడెలా అవుతాడు' అని! నువ్వు ఆయన మాట ఆయనకంటే బాగా చెప్పావు, పోయి చుట్ట అడుగు, ఇస్తాడు. ఒరేయ్, నీకు ఈ గని నచ్చకపోతే సంచీ సర్దుకుని పక్క గనికి పోతావు. నేను పోలేను. క్లబ్బు నన్ను వదలకపోతే ఇంకెక్కడా ఆడలేను. అమ్మితే అమ్ముడుపోవాలి, అట్టేపెడితే పడుండాలి, విరిగితే వీధిలో పడాలి. దీన్ని ఆట అంటావా?"

గనివాడు టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "అమ్ముకోవడం సంగతి నాకు తెలీదు," అన్నాడు.

"అందుకే చెప్తున్నా. తెలుసుకుని కూర్చో."

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మధ్య విల్ఫ్ కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు. అతన్ని చూసి హాలు సద్దుమణిగింది.

"నేను ఉపన్యాసకుణ్ణి కాదు," అన్నాడు. "నన్ను బయటపడేసిన రోజు ఈ మనిషి గడియారం చంకలో పెట్టుకుని మా ఇంటికి పదండన్నాడు. అదీ క్లబ్బు ఇల్లే. రేపు అతన్నీ గెంటొచ్చు. అయినా రమ్మన్నాడు. యూనియన్ అంటే ఏంటని అడిగితే నేను మా బావని చూపిస్తా. అంతే."

జనం బల్లలు చరిచారు. కర్ర అడుగుల బూట్లతో నేల తన్నారు. సెత్ తల దించుకున్నాడు. సిగ్గరి అనుకున్నారు. ఆ క్షణాన లేచి చెప్పేసి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. చెప్పలేదు. సంతకం చెయ్యనివాళ్ళు చేతులెత్తండని ఈనోస్ అడిగితే పదకొండు చేతులు లేచాయి, అందులో సెత్ చెయ్యి కూడా ఉంది.

నాలుగు రోజులకి గార్‌సైడ్ కబురు పంపాడు. గ్యాలరీ కింద డైరెక్టర్ల గది. మెత్తటి కుర్చీ చూపించాడు. సెత్ అంచున కూర్చున్నాడు.

"నీ సహాయ మ్యాచ్ అక్టోబర్ రెండో శనివారం," అన్నాడు గార్‌సైడ్. "మంచి జట్టునే పిలుస్తాను. ఇదుగో, ఇక్కడ సంతకం."

"అయ్యా, మేమందరం మాట అనుకున్నాం."

"అనుకుంటారు. ఎందుకనుకోరు? నీ బావమరిది నీ ఇంట్లో ఉన్నాడని తెలుసు. ఉండనీ. కళ్ళు మూసుకుంటాను. లేదంటే ఆ మంచంతో పాటు నీ మంచం కూడా వీధిలోకొస్తుంది."

గార్‌సైడ్ లేచి కిటికీ దగ్గర కొక్కేనికి వేలాడుతున్న దుర్భిణీ తీసి తుడిచాడు.

"గుడ్ ఫ్రైడే రోజు దీనితో చూస్తున్నాను," అన్నాడు తాపీగా. "ఆ పాస్ చూశాను."

సెత్ కుర్చీలోంచి సగం లేచాడు.

"భయపడకు. మెచ్చుకుంటున్నాను. నీ కాళ్ళు నీ ఆస్తి. ఎదుటివాడి కాలు అడ్డం పెట్టి నీ ఆస్తి కాపాడుకున్నావు. నేను ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నదీ అదే. నువ్వు వాళ్ళ మనిషివి కాదయ్యా, మా మనిషివి. సంతకం పెట్టు."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. దెబ్బ తిన్నవాడు లేచి బయటికి నడవాలి. సెత్ నడవలేదు. ఇల్లు కోసం అనుకున్నాడు, విల్ఫ్ మంచం కోసం అనుకున్నాడు, హానా కోసం అనుకున్నాడు. మనసుకి ఏదో ఒకటి నచ్చజెప్పుకుని కలం అందుకున్నాడు. పొగాకు కొట్టు గురించి మాత్రం అనుకోలేదు. అది అనుకోనక్కర్లేకుండా లోపలే ఉంది.

ఆగస్టు రెండున గ్రౌండు గేటు మీద కాగితం అంటించారు. సంతకం చేసినవాళ్ళ జాబితా. ఒకే ఒక్క పేరు. మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది.

ఇంట్లో హానా గిన్నె బల్ల మీద దబ్బున పెట్టింది. "నిజమేనా?"

"నిజమే."

"చెయ్యెత్తావుగా అందరితో! ఆ చెయ్యి ఎవరిది?"

విల్ఫ్ మంచం మీంచి అడ్డం వచ్చాడు. "అరవకే చెల్లాయ్. నా కోసం పెట్టాడే. నా మంచం రెండోసారి వానలో పడకూడదని పెట్టాడు. నేనే భారమయ్యా ఇతనికి. బావా, నువ్వు బాధపడకు. ఈనోస్‌కి నేను చెప్తాను."

సెత్‌కి ఆ జాలి భరించరానిదిగా ఉంది. తిట్టి ఉంటే బాగుండును. ఆగ్నెస్ మాత్రం ఎప్పటిలాగే మాంసం ముక్కలు ఏరి అల్లుడి పళ్ళెంలో వేసింది, ఎప్పటిలాగే మొహంలోకి చూసింది. ఆ రోజు ఆ చూపులో ప్రేమ లేదని అతనికి మొదటిసారి అనుమానం వచ్చింది.

ఆ నెలంతా ఈనోస్, మిగతా తొమ్మిదిమందీ గని వెనక బూడిద దిబ్బల పక్కన మైదానంలో సొంతంగా సాధన చేశారు. గనివాళ్ళు వాళ్ళకి రొట్టె, వెన్న పంపారు. మిల్లు ఆడవాళ్ళు చొక్కాలు కుట్టి ఇచ్చారు. సెత్ గ్రౌండులో ఒంటరిగా పరిగెత్తాడు. దారిలో ఎదురైనవాళ్ళు పక్క వీధిలోకి మళ్ళేవారు.

సెప్టెంబర్ మొదటి శనివారం సీజన్ మొదలైంది. మార్ల్‌టన్ టౌన్ తరపున సెత్ దిగాడు. మిగతా పదిమందీ ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన గుమాస్తాలు, బడి పంతుళ్ళు. జనం రారని గార్‌సైడ్ భయపడ్డాడు. కాని చవక వైపు మూడు వేలమంది వచ్చారు. గేటు దగ్గర మర్యాదగా టికెట్ కొన్నారు. తాడు దాకా వచ్చి నిలబడ్డారు. రెఫరీ ఈల వెయ్యగానే మూడు వేలమందీ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు.

సెత్ బంతి తీసుకుని గీత వెంబడి పరిగెత్తాడు. అతని పక్కన మొహాలు లేవు. కోటు వీపులు, శాలువలు, టోపీల వెనక భాగాలు. గొంతుల మధ్య ఆరేళ్ళు పరిగెత్తినవాడికి తన ఊపిరి తనకే మొదటిసారి వినిపించింది. ఎవడూ తిట్టలేదు. తిడితే మనిషితో మాట్లాడినట్టే కదా! ఆ మాత్రం కూడా వాళ్ళివ్వలేదు.

ఇద్దరే అతని వైపు తిరిగి ఉన్నారు. బుట్ట పక్కన ఆగ్నెస్. ఆమె పక్కన కర్ర మీద ఆని విల్ఫ్.

"ఆడు బావా! ఎవడేమనుకుంటే నీకేంటి, ఆడు!" అరిచాడు విల్ఫ్, మూడు వేల వీపుల మధ్య ఒంటరి గొంతుతో.

ముప్ఫయ్యో నిమిషంలో బంతి మళ్ళీ సెత్ దగ్గరికి వచ్చింది. సరిగ్గా అదే చోటు. ఎదురుగా బ్యాక్ వస్తున్నాడు, వీడూ బరువైనవాడే. లోపలివైపు మునుపు విల్ఫ్ ఆడే చోట కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని ఆటకి దిగిన పంతులొకడు, బంతి ఇమ్మని చెయ్యెత్తి ఆశగా చూస్తున్నాడు. సెత్ కాలు దానంతటదే కదలబోయింది. అర అడుగు తక్కువగా. కాలికి అలవాటైపోయింది!

బంతిని కాలి కింద తొక్కి ఆపాడు. బ్యాక్ వచ్చి గుద్దాడు. సెత్ పడ్డాడు, మోచెయ్యి చీరుకుపోయింది, లేచాడు. వంగి బంతిని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. రెఫరీ ఈల వేశాడు. సెత్ గీత దాటి తాడు దగ్గరికి నడిచాడు.

"విల్ఫ్," అన్నాడు. "గుడ్ ఫ్రైడే నాడు ఆ బంతి."

"ఏ బంతి? ఏమైంది బావా, దెబ్బ తగిలిందా?"

"ఆ బంతి అర అడుగు తక్కువ వేశాను. కావాలని. వాడు నా కాలు విరుస్తాడని భయమేసి నీ కాలు పెట్టాను. నా సహాయ మ్యాచ్ పోతుందని. సంతకం కూడా అందుకే. నీ మంచం కోసం కాదు."

గొంతు చిన్నదే అయినా ఆ నిశ్శబ్దంలో చాలా దూరం వినిపించింది. ఒక వీపు తిరిగింది. ఇంకోటి తిరిగింది. ముందు వరస మాట వెనక వరసకి, వెనక వరస మాట ఇంకా వెనక్కి చేరింది. మూడు వేలమంది మెల్లగా అతని వైపు తిరిగారు.

విల్ఫ్ మొహంలో నవ్వు ఎండిపోయింది. తల్లి వైపు చూశాడు.

"నేను చూశాను," అంది ఆగ్నెస్. "తాడు పక్కనే ఉన్నానుగా. నా కూతురి కాపురం కదా అని నోరు కుట్టేసుకున్నా. ఎప్పుడు చెప్తావా అని మూడు నెలలు నీ పళ్ళెంలో కూడు వేస్తూ చూశాను అల్లుడూ. ఇప్పుడు చెప్పావు. నేనూ తప్పుదాన్నే. నా కొడుకు ముందు చెప్తున్నా."

విల్ఫ్ కర్ర ఎత్తాడు. కొడతాడనుకున్నారు అందరూ. సెత్ తల తిప్పుకోలేదు, కొట్టించుకోవాలనే ఉంది అతనికి. విల్ఫ్ కర్ర కొసతో మైదానం అవతల గ్యాలరీని చూపించాడు.

"నీ సంతకం ఎవరి దగ్గరుంది?"

"ఆయన దగ్గర."

"అయితే నా దగ్గరికొచ్చి ఏడిస్తే ఏం లాభం? పోయి అడుగు."

సెత్ బంతి చంకలో పెట్టుకుని మైదానానికి అడ్డంగా నడిచాడు. సగం దూరం పోయాక వెనక ఏదో చప్పుడు. మొదట వాన అనుకున్నాడు. తిరిగి చూస్తే తాడు నేల మీద ఉంది. కర్ర అడుగుల బూట్లతో మూడు వేలమంది గడ్డి మీదికి దిగారు. పరుగు లేదు, తోపులాట లేదు. నడుస్తున్నారు. గ్యాలరీలో ఆడవాళ్ళు గొడుగులు సర్దుకున్నారు, డైరెక్టర్లు లేచి నిలబడ్డారు. ఆరుగురు పోలీసులు గ్యాలరీ ముందు వరసగా నిలబడ్డారు.

"నా కాగితం నాకిచ్చెయ్యండి అయ్యా," అన్నాడు సెత్.

గార్‌సైడ్ చేతిలో దుర్భిణీ ఉంది. ఇంత దగ్గరికి దాని అవసరం లేదు.

"క్రాషా, ఇంకో అడుగు వేశావంటే ఈ దేశంలో బతికున్నంతకాలం బంతి తన్నవు."

"తన్నను. కాగితం ఇవ్వండి. మీ మనిషినన్నారు. ఆ మాట కూడా వెనక్కి తీసుకోండి."

"పిచ్చివాడా, వాళ్ళు నిన్ను క్షమిస్తారనుకుంటున్నావా? ఆ కుంటివాణ్ణి అడుగు!"

విల్ఫ్ అప్పుడే వచ్చాడు. జనం దారి ఇచ్చారు. రొప్పుతూ సెత్ పక్కన నిలబడ్డాడు, అతని వైపు చూడకుండా.

"క్షమించలేదు," అన్నాడు గార్‌సైడ్‌తో. "క్షమిస్తానో లేదో కూడా తెలీదు. అది మా ఇంటి గొడవ, మేం చూసుకుంటాం. మీరు కాగితం ఇవ్వండి."

వెనక నుంచి ఈనోస్ గొంతు లేచింది. బూడిద దిబ్బల దగ్గర్నుంచి పదిమందీ ఎప్పుడొచ్చారో వచ్చారు. "ఇవ్వండి!" అన్నాడు. మూడు వేల గొంతులు ఆ మాట అందుకున్నాయి. గ్యాలరీ కప్పు రేకులు అదిరాయి.

గార్‌సైడ్ కాగితం ఇవ్వలేదు. పోలీసు అధికారికి సైగ చేశాడు. జనాన్ని రెచ్చగొట్టినందుకని సెత్ చేతులు వెనక్కి విరిచారు. బంతి జారి గడ్డి మీద దొర్లి విల్ఫ్ వంకర కాలి దగ్గర ఆగింది. అక్కడితో సెత్ క్రాషా ఆట ముగిసింది. మళ్ళీ అతను ఏ క్లబ్బుకీ ఆడలేదు, అతన్ని ఎవరూ ఆడనివ్వలేదు.

ఆదివారం హానా పోలీసు స్టేషన్‌కి వచ్చింది. కడ్డీల్లోంచి టీ లోటా అందించింది. ఏడ్చిన కళ్ళు.

"నీతో మాట్లాడాలని లేదు," అంది. "చల్లారకముందే తాగు."

అతను తాగాడు.

"అన్నయ్య మంచం ఈనోస్ ఇంటికి మార్చుకున్నాడు. అమ్మ కూడా పోయింది. నువ్వు మోసుకొచ్చిన గడియారం మాత్రం వదిలేసి పోయారు, అది వాళ్ళదే అయినా." కడ్డీలకి దగ్గరగా జరిగి మళ్ళీ అంది, "గని గేటు మీద కాగితం అంటించారు. నిన్న తాడు దాటినవాళ్ళకి రేపట్నుంచి పని లేదంట. ఎవరెవరు దాటారో పేర్లు చెప్తే మిగతావాళ్ళని గనిలోకి దింపుతారంట."

"ఎవరు చెప్పారు పేర్లు?"

"తెలీదు. హాల్లో ఇంకా వాదించుకుంటున్నారు. గనివాళ్ళలో నాలుగు వందలమందికి పిల్లలున్నారు సెత్. ఎవడో ఒకడు పేర్లు రాసి సంతకం పెడతాడు. నువ్వు పెట్టలేదూ?"

హానా ఖాళీ లోటా తీసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్న ఐదున్నర. ఈ వేళకి మార్ల్‌టన్‌లో ప్రతి రోజూ ఒకే చప్పుడు. వీధి రాళ్ళ మీద వేల కర్ర బూట్లు గని వైపు, అంటే స్టేషన్‌కి దూరంగా, కొండ దిగుతూ పోయే చప్పుడు. సెత్ పుట్టినప్పటి నుంచీ విన్నదే. బల్ల మీద లేచి కూర్చుని చెవి రిక్కించాడు. బూట్లు వినిపించాయి. అయిపోయింది అనుకున్నాడు. దిగుతున్నారు. ఎవడో ఒకడు పేర్లు చెప్పేశాడు. తను చేసిన పని వాళ్ళకి దారి చూపించింది. మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

చప్పుడు తగ్గలేదు. పెరుగుతోంది. కొండ దిగడం లేదు, ఎక్కుతోంది. స్టేషన్ వైపు వస్తోంది.

సెత్ లేచి నిలబడ్డాడు. కిటికీ ఎత్తులో ఉంది, ఏమీ కనిపించదు. వింగ్ ఆటగాడి చెవులు కదా, చప్పుళ్ళని విడదీసుకున్నాడు. బరువైన గని బూట్లు, వాటి మధ్య మిల్లు ఆడవాళ్ళ తేలిక అడుగులు. ఎవరో మగగొంతు అరుస్తోంది, "తాడు దాటిందెవరు?" అని. "అందరం!" అని వీధంతా జవాబు చెబుతోంది.

అన్నిటికీ ముందు ఇంకో చప్పుడు. ఒక బూటు, ఒక కర్ర. బూటు, కర్ర. కర్ర ప్రతిసారీ కాస్త ఆలస్యంగా పడుతోంది, అర అడుగు వెనకగా. చాలాసేపు విన్నాక గాని సెత్‌కి అర్థం కాలేదు. షిఫ్టుకి పోయేవాళ్ళ వడి ఆ జనంలో లేదు. కర్ర పడేదాకా అన్ని వేల బూట్లూ ఆగుతున్నాయి. అది పడ్డాకే తర్వాతి అడుగు వేస్తున్నాయి.